రామెన్ కొట్టు ముందు లైను

ఆ పొద్దున కంట్రోలర్ గారి కార్యక్రమం చాలా చిన్నది. తెగిన చెప్పు కుట్టించుకోవాలి, వచ్చేటప్పుడు వరండాకి ఓ బల్బు తేవాలి, అంతే. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ బస్సు డిపోలో కంట్రోలరుగా ఉండి, ఏ బస్సు ఎప్పుడు కదలాలో, ఎవరు ఏ వరసలో నిలబడాలో శాసించిన మనిషి ఆయన. రిటైరయ్యాక శాసించడానికి ఇంట్లో భార్య తప్ప ఎవరూ మిగల్లేదు. ఆవిడ వినే రకం కాదు. వీధిలో మాత్రం ఇప్పటికీ అందరూ కంట్రోలర్ గారనే పిలుస్తారు.

ఆయనకి ఒకటే గర్వం, కూతురు. ఆ అమ్మాయి కొన్నేళ్ళు సరుకుల ఓడల మీద వంట చేస్తూ తిరిగింది. ఏదో రేవులో ఓ ముసలాయన దగ్గర రామెన్ చెయ్యడం నేర్చుకుంది. తిరిగొచ్చి, ఇంటికి నాలుగు వీధుల అవతల చిన్న కొట్టు పెట్టింది. రామెన్ అంటే ఏమిటో కంట్రోలర్ గారు బ్యాంకులో చెప్పారు, క్షౌరశాలలో చెప్పారు, పన్ను పీకించుకోవడానికి వెళ్ళి నోరు తెరవడానికి ముందు డాక్టరుకీ చెప్పారు. "ఎముకలు రాత్రంతా మరుగుతాయండీ. ఆ సూపు పాలలా అవుతుంది. అందులో నూడుల్సు, పైన సగం ఉడికిన గుడ్డు. గుడ్డు సగమే ఎందుకు ఉడకాలో తెలుసా మీకు?" అని అడిగేవారు. తెలియదంటే చెప్పేవారు. తెలుసన్నా చెప్పేవారు.

కొట్టు తెరిచిన రోజున ఆయన గుమ్మంలో నిలబడి, "రండి రండి, సీట్లు ఖాళీ, నిలబడాల్సిన పని లేదు" అని దారినపోయేవాళ్ళని గట్టిగా పిలిచారు. జనం కంగారుపడి అవతలి పేవ్‌మెంటు ఎక్కారు. సాయంత్రం కూతురు ఆయన్ని పక్కకి తీసుకెళ్ళి మెల్లగా చెప్పింది.

"నాన్నా, నువ్వు కొట్టు దగ్గరకి రావద్దు. వాళ్ళు తినడానికి వస్తారు గానీ బస్సెక్కడానికి కాదు."

ఆయన సరేనన్నారు. కానీ రోజూ నడక పేరుతో అటే వెళ్ళి, రోడ్డవతల చెప్పుల షాపు నీడలో నిలబడి చూసేవారు. అద్దంలోంచి ఖాళీ బల్లలు కనబడేవి. మధ్యాహ్నం వేళకి ఒకరో ఇద్దరో వచ్చేవాళ్ళు. కూతురు మాత్రం ఊరంతా వచ్చి కూర్చున్నట్టే బల్లలు తుడిచేది, గిన్నెలు సర్దేది. ఆ తుడుపు చూసి ఆయన ఉసూరుమనేవారు. అంత పనితనం ఎవరూ చూడకుండా పోతోందే అని.

ఇలా ఉండగా ఆదివారం పేపర్లో ఓ చిన్న ముక్క కనబడింది. ఊళ్ళో ఏది ఎక్కడ తినాలో ప్రతి ఆదివారం ఒకాయన రాస్తుంటాడు. పేరు వెయ్యడు, ఫోటో వెయ్యడు. ఎప్పుడొచ్చి తిన్నాడో ఎవరికీ తెలియదు. ఆ వారం వ్యాసం కింద, 'వచ్చే వారం: మంచి రామెన్ ఎక్కడ తినాలి?' అని ఉంది. కంట్రోలర్ గారు దాన్ని కత్తిరించి చొక్కా జేబులో పెట్టుకున్నారు.

ఇప్పుడు, చెప్పు చేతిలో పట్టుకుని బయల్దేరబోతూ ఉండగా, కొట్టుకి వెళ్ళే హడావుడిలో ఉన్న కూతురు ఫోన్లో ఎవరితోనో అంటోంది: "ఈరోజు పేపరాయన వస్తానన్నాడు. అవును, కొట్టు తెరిచే వేళకే. ముందు ఆయన పని చూసి పంపించేసి, తర్వాత మిగతాది చూస్తాను."

కంట్రోలర్ గారి చేతిలోంచి చెప్పు జారింది.

కూతురు గుమ్మం దాటేదాకా ఆగి, వంటింట్లోకి పరుగెత్తారు. "విన్నావా? పేపరాయన వస్తున్నాడు. వచ్చి ఖాళీ బల్లలు చూశాడంటే ఏం రాస్తాడు? ఎవరూ రాని కొట్టని రాస్తాడు."

"రుచి చూసి రాస్తాడు గానీ బల్లలు చూసి రాస్తాడా?" అంది భార్య.

"నీకు జనం సంగతి తెలియదు. బస్టాపులో నలుగురు నిలబడితేనే ఐదోవాడు వచ్చి నిలబడతాడు. ఖాళీ స్టాపులో బస్సు కూడా ఆగదు."

కొట్టు తెరవడానికి ఇంకా చాలా టైముండగానే మూసిన షట్టరు ముందు ముగ్గురు మనుషులు వరసగా నిలబడ్డారు. మొదట కంట్రోలర్ గారి తమ్ముడు. బడిలో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు, మెడలో ఈల ఇప్పటికీ తియ్యలేదు. రెండోవాడు పక్కింటి బీమా ఏజెంటు. మూడో మనిషి కంట్రోలర్ గారి భార్య. కొంగు తల మీదుగా లాక్కుని, తానెవరో ఎవరికీ తెలియకూడదన్నట్టు నిలబడింది. కంట్రోలర్ గారు రోడ్డవతల నుంచి పర్యవేక్షణ.

"మనం అమ్మాయి తాలూకు అని ఎవరితోనూ అనకూడదు. అడిగితే తెలియదనండి" అని ముగ్గురి దగ్గరా ఒట్టు వేయించుకున్నారు. కూతురు అప్పటికే లోపల వంటగదిలో ఉంది. గాలి లాగే పెద్ద ఫ్యాను హోరులో ఆమెకి వీధి సంగతి వినబడదు.

కాసేపటికి గొడుగు పట్టుకున్న ఒకావిడ ఆగింది. "ఇదేం లైనండీ?" అని బీమా ఏజెంటుని అడిగింది.

ఆయన ఒట్టు గుర్తుంచుకున్నాడు. "తెలియదండీ" అన్నాడు. కానీ వృత్తిరీత్యా ఏ మనిషినీ ఉత్త చేతులతో పంపడం ఆయనకి చేతకాదు. అందుకని గొంతు తగ్గించి, "ముందొచ్చినవాళ్ళకే అంటున్నారు" అన్నాడు.

గొడుగావిడ వెంటనే కొంగావిడ వెనక నిలబడింది. తల ఎత్తి బోర్డు చూసింది. బోర్డు మీద పెద్ద గిన్నె బొమ్మ, దానిలోంచి లేస్తున్న ఆవిరి. కొట్టు పేరు మాత్రం అడుగున ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంది. ఆవిడ బొమ్మనే చూసింది.

"గిన్నెలిస్తున్నట్టున్నారు" అంది, తన వెనక వచ్చి చేరినాయనతో.

"ఊరికే ఎందుకిస్తారు? పాతవి తీసుకుని కొత్తవి ఇస్తారేమో" అన్నాడాయన. ఆ 'ఏమో' ఆయన వెనకాయన దగ్గరకి చేరేసరికి రాలిపోయింది. పాత గిన్నె ఇస్తే కొత్త గిన్నె అని వీధి మొగదాకా పాకింది. అక్కణ్ణించి ఫోన్లలో ఎక్కింది. గొడుగావిడ, "నా చోటు చూస్తుండండి" అని గొడుగుని తన స్థానంలో నిలబెట్టి ఇంటికి పరుగెత్తి, అడుగు మాడిన పెద్ద గిన్నెతో తిరిగొచ్చింది. ఇంకొకాయన మూత లేని కుక్కరు తెచ్చాడు. ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఒక బిందెని చెరోవైపూ పట్టుకొచ్చారు.

రోడ్డవతల కంట్రోలర్ గారి కాళ్ళు నేల మీద ఆనలేదు. ముగ్గురు ముప్ఫైమందయ్యారు. మందుల షాపు దాటింది లైను, బట్టల ఇస్త్రీ బండి దాటింది. పైగా జనం గిన్నెలు పట్టుకొస్తున్నారు.

"ఇంటికి తీసుకెళ్ళడానికి," అనుకున్నారాయన. "ఇంటిల్లిపాదికీ పట్టుకెళ్తున్నారు. బిందె తెచ్చారంటే ఎంత పెద్ద కుటుంబమో." కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

ఇక అవతల నిలబడటం ఆయనవల్ల కాలేదు. ఇంత మంచి లైను క్రమశిక్షణ లేకుండా మెలికలు తిరుగుతుంటే చూస్తూ ఊరుకోవడం ఎలా? రోడ్డు దాటి వచ్చి, చెయ్యి చాపి, "గోడవారగా, గోడవారగా. ఒకరి వెనక ఒకరు" అన్నారు. తమ్ముడికి కనుసైగ చేశారు. ఈల మోగింది. లైను తీగ లాగినట్టు తిన్నగా అయింది. ఇద్దరు పోలీసులు మోటారు సైకిల్ మీద వచ్చి, ఆగి, ఇంత తిన్నని లైనులో తాము చెయ్యాల్సిందేమీ లేదని వెళ్ళిపోయారు. ఆ క్షణంలో కంట్రోలర్ గారి ముఖం చూస్తే ఎవరికైనా ముచ్చటేసేది.

అప్పుడే ఓ లావుపాటి నడివయసావిడ మూతపెట్టిన పెద్ద పెట్టె నెత్తిన పెట్టుకుని, లైనుని పట్టించుకోకుండా తిన్నగా షట్టరు దగ్గరకి నడిచింది.

"అమ్మా, అమ్మా. ఎక్కడికి?"

"ఇది లోపల ఇవ్వాలండీ."

"ఇక్కడ అందరూ లోపల ఇవ్వడానికే తెచ్చారు. లైను చివర అక్కడ, ఇస్త్రీ బండి అవతల."

"నేను రోజూ ఇలాగే ఇస్తానండీ."

"రోజూ వచ్చేవాళ్ళకి ఇంకా బాగా తెలియాలి పద్ధతి."

ఆవిడ ఆయన్ని పైకీ కిందకీ చూసింది. షట్టరు తట్టబోతే తమ్ముడి ఈల మోగింది. లోపలికి ఫోను చేసింది, ఫ్యాను హోరులో ఎవరూ ఎత్తలేదు. "సరే, నాదేం పోయింది" అని వెళ్ళి, లైను చివర పెట్టె దించి దాని పక్కనే గోడకి ఆనుకుని కూర్చుంది. ఆవిడ చిన్న మరమీద నూడుల్సు చేసి అమ్మే మనిషి. ఆ పూట కొట్టుకి కావలసిన నూడుల్సన్నీ ఆ పెట్టెలోనే ఉన్నాయి.

ఆవిడ అటు వెళ్ళిందో లేదో, ఇస్త్రీ చొక్కా వేసుకున్న పెద్దమనిషి ఒకాయన సంచీ భుజాన వేసుకుని వచ్చాడు. జేబులో పెన్ను, ముక్కు చివర కళ్ళజోడు. బోర్డు చూశాడు, లైను చూశాడు.

"పాపగారు రమ్మన్నారండీ. పేపరు..."

కంట్రోలర్ గారు ఒక్క అంగలో ఆయన ముందుకొచ్చారు. "మీరేనా పేపరాయన?"

"నేనేనండీ. చాలా ఏళ్ళుగా ఇదే పని. ఈ చుట్టుపక్కల ఎవర్నడిగినా చెప్తారు."

కంట్రోలర్ గారు తమ్ముడిచేత మందుల షాపులోంచి కుర్చీ తెప్పించారు. భార్యని నీళ్ళు తెమ్మన్నారు. లైను మొదట్లో, నీడలో కూర్చోబెట్టి, తాను పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"ఒక్క పేపరేనా అండీ, ఇంకా వేరేవి కూడా?"

"అన్ని పేపర్లూనండీ. వారపత్రికలు కూడా. అయితే ఇంగ్లీషు పేపరుకి గిరాకీ ఎక్కువ."

"ఇంగ్లీషులో కూడానా," అన్నారు కంట్రోలర్ గారు భక్తిగా. "మరి పుస్తకాలు?"

"పుస్తకాలు కూడానండీ. పెద్ద పెద్దవాళ్ళ పుస్తకాలు నా చేతుల మీదుగా వెళ్ళాయి. ఏ పుస్తకానికైనా బరువుండాలండీ. బరువు లేకపోతే దేనికీ పనికిరాదు."

"నిజం చెప్పారు. ఈ రోజుల్లో బరువైన పుస్తకాలు ఏవండీ?"

"తగ్గిపోయాయండీ," అని ఆ పెద్దమనిషి నిట్టూర్చాడు. "అంతా ఫోన్లలోనే చదువుతున్నారు. మా పని దెబ్బతింది."

భార్య నీళ్ళు ఇచ్చి, మొగుణ్ణి పక్కకి లాగింది. "ఏమండీ, ఆయన చేతులు చూశారా? రాసేవాళ్ళ చేతుల్లా లేవు."

"రాసి రాసి అలా అయ్యుంటాయి. నువ్వెళ్ళి లైన్లో నిలబడు." మళ్ళీ కుర్చీ వైపు తిరిగి, "మా అమ్మాయి సరుకు విషయంలో రాజీ పడదండీ" అన్నారు.

"చూస్తాంగా. తడి లేకుండా ఉంటే చాలు" అన్నాడాయన.

సూపులో తడి లేకుండా ఎలా ఉంటుందా అని కంట్రోలర్ గారు ఆలోచిస్తూ ఉండగానే షట్టరు లేచింది. ఆయన గబుక్కున పక్కనున్న దీపస్తంభం చాటుకి తప్పుకున్నారు.

ఏప్రను కట్టుకుని, జుట్టు గుడ్డలో బిగించుకుని, చేతిలో గరిటెతో కూతురు నిలబడి ఉంది. ఆమెకి ఎదురుగా బాబాయి, బీమా ఏజెంటు, కొంగు కప్పుకున్న కన్నతల్లి, ఆ వెనక వీధి మొగదాకా గిన్నెలు. ఆమె ఇంకా నోరు తెరవకముందే గొడుగావిడ ముందుకొచ్చి, మాడిన గిన్నె చేతిలో పెట్టింది.

"ఇదిగోమ్మా పాతది. కొత్తదానికి మూత కూడా ఇస్తారా?"

కూతురు గిన్నె చూసింది. లైను చూసింది. తర్వాత దీపస్తంభం వెనక సగం కనబడుతున్న మనిషిని చూసింది.

"నాన్నా" అంది.

కంట్రోలర్ గారు స్తంభం వెనకనుంచి రాలేదు.

"గిన్నెలివ్వరా ఇక్కడ?" అన్నాడు కుక్కరాయన. "ఇవ్వరట" అన్నారెవరో. "పొద్దుట్నించీ నిలబెట్టి ఇవ్వరా?" అని వెనకనుంచి గొంతులు లేచాయి. గొడుగావిడ బీమా ఏజెంటు వైపు తిరిగింది. "ముందొచ్చినవాళ్ళకే అన్నది మీరే కదా?"

బీమా ఏజెంటు ఓ అడుగు వెనక్కి వేశాడు. తర్వాత, "నేనేం చెయ్యనండీ, కంట్రోలర్ గారు నిలబడమన్నారు" అని వేలుపెట్టి స్తంభం చూపించాడు. బిందెలూ కుక్కర్లూ అన్నీ అటు తిరిగాయి. ఎవరో గోడని చేత్తో గుద్దారు. మోసం అనే మాట లైను వెంట పరుగెత్తింది. కొట్టు పేరుకి ఆ మాట ఒకసారి అంటుకుంటే ఇక పోదని కంట్రోలర్ గారికి తెలుసు.

ఆయన స్తంభం వదిలి వచ్చి మెట్టెక్కారు. డిపోలో బస్సు రద్దయినప్పుడు చెప్పే గొంతు ఒకటి ఆయన దగ్గరుంది. గట్టిగా ఉంటుంది గానీ అరుపు కాదు.

"తప్పు నాది. ఈ అమ్మాయికి ఏమీ తెలియదు. ఇక్కడ గిన్నెలివ్వరు, రామెన్ అమ్ముతారు. ఇది నా కూతురు. ఓడ మీద, కాళ్ళకింద నేల ఊగుతుంటే నిలబడి వంట నేర్చుకుంది. రాత్రి పొద్దుపోయేదాకా పొయ్యి దగ్గరుంటుంది. పొద్దున్నే ఖాళీ బల్లలు తుడుస్తుంది. చూడలేకపోయాను. నలుగుర్ని నిలబెడితే నలుగురొస్తారనుకున్నాను. మిమ్మల్నందర్నీ ఎండలో నిలబెట్టినందుకు మన్నించండి."

కూతురు గరిటె ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

ముందుగా గొడుగావిడే తేరుకుంది. "గిన్నె మోసుకొచ్చాను. ఖాళీగా తీసుకెళ్తే మా ఆయన నెల్లాళ్ళు నవ్వుతాడు. ఏదో ఒకటి పొయ్యమ్మా" అంది.

కూతురు గిన్నె లోపలికి చూసింది. "అడుగు మాడినా శుభ్రంగానే కడిగారు" అని, వెనక్కి వెళ్ళి, గరిటె నిండా సూపు తెచ్చి పోసింది. గొడుగావిడ గిన్నెనే పెదవులకి ఎత్తుకుంది. ఒక గుటక వేసింది. ఆగింది. ఇంకో గుటక వేసి, వెనక్కి తిరిగి, "ఏం తోసుకోకండి. నా తర్వాతే ఎవరైనా" అంది. ఆ మాటతో గొడవ చల్లారింది.

గిన్నె తర్వాత గిన్నె వచ్చింది. బిందెలో ఒక గరిటె పోస్తే అక్కచెల్లెళ్ళు ఒకరి తర్వాత ఒకరు తల దూర్చి తాగారు. లోపల కూర్చుని పూర్తిగా తింటామన్నారు చాలామంది. అప్పుడు కూతురు చుట్టూ చూసి, "బాబాయ్, నూడుల్సు పెట్టె వచ్చిందా? ఆవిడ ఈపాటికి రావాలే" అంది.

డ్రిల్లు మాస్టారు అన్నయ్య వైపు చూశాడు. అన్నయ్య ఇస్త్రీ బండి వైపు చూశారు.

"పెద్ద పెట్టె. లావుపాటి ఆవిడ" అన్నారు కంట్రోలర్ గారు, ఒక్కొక్క మాటా మింగుతూ. "లైను చివర ఉంది. నేనే పంపాను."

మళ్ళీ ఈల మోగింది. పెట్టె లైను చివరనుంచి మనిషి నెత్తి మీదుగా మనిషి నెత్తి మీదకి, చేతులు మారుతూ, ఒక్క కుదుపు లేకుండా కొట్టు గుమ్మానికి చేరింది. వెనకాల ఆ నూడుల్సావిడ ఉత్త చేతులతో హాయిగా నడిచొచ్చి, "రోజూ ఇలాగే ఏర్పాటు చెయ్యండి, నాకు మెడనొప్పి తగ్గుతుంది" అంది.

బల్లలన్నీ నిండాయి. మొదటి గిన్నె ఎవరికి వెళ్ళాలో కంట్రోలర్ గారు ఏనాడో నిర్ణయించారు. ఇస్త్రీ చొక్కా పెద్దమనిషిని అద్దం పక్క బల్ల దగ్గర కూర్చోబెట్టి, రెండు చేతులతో తెచ్చి ముందు పెట్టారు. ఆయన వద్దండీ అన్నాడు, పని చూసుకుని వెళ్తానన్నాడు. కంట్రోలర్ గారు వినలేదు. చివరికి తిన్నాడు. గుడ్డు పగలగొట్టి, దాని సొన సూపులోకి జారుతుంటే కాసేపు చూశాడు. తర్వాత తల ఎత్తలేదు. అడుగు కనబడేదాకా తాగి గిన్నె దించాడు.

"ఎలా ఉందండీ?" అన్నారు కంట్రోలర్ గారు.

"ఏం చెప్పనండీ. మా ఆవిడ్నీ తీసుకొస్తాను."

అప్పుడే అటు వచ్చిన కూతురు, "మీరింకా అట్టపెట్టెలు తూచలేదా?" అంది.

"ఏం అట్టపెట్టెలు? ఈయన పేపరాయన కదమ్మా" అన్నారు కంట్రోలర్ గారు.

"అవును నాన్నా. పాత పేపర్లాయన. వెనక అట్టపెట్టెలు, పేపర్లు పేరుకున్నాయని రమ్మన్నాను."

పెద్దమనిషి వినయంగా సంచీలోంచి తూకం కాటా తీశాడు. కంట్రోలర్ గారు పక్కనున్న కుర్చీలో మెల్లగా కూలబడ్డారు. భార్య తల మీది కొంగు తీసేసి, ఆయన వైపు ఓసారి చూసి, వెళ్ళి గిన్నెలు కడగడం మొదలుపెట్టింది.

సూపు అయిపోయాక కూతురు షట్టరు సగం దించింది. కంట్రోలర్ గారు మూలన కూర్చుని ఉన్నారు. వెళ్ళిపొమ్మంటుందేమోనని లేవబోయారు. ఆమె ఒక గిన్నె తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన కోసం పక్కన తీసి ఉంచినది.

"పొద్దుట్నించీ ఏమీ తినలేదు కదా. తిను."

"నేను రావొద్దన్నావు కదమ్మా."

"గుమ్మం దగ్గరకి రావొద్దన్నాను. బల్ల దగ్గరకి కాదు." ఎదురుగా కూర్చుని గడ్డం కింద చెయ్యి పెట్టుకుంది. "కాళ్ళకింద నేల ఊగుతుంటే అన్నావే, అది నీకెలా తెలుసు? నేనెప్పుడూ చెప్పలేదే."

"ఓడ కదమ్మా. ఊగదూ మరి" అన్నారాయన, గిన్నెలోకి చూస్తూ. ఊళ్ళో అందరికీ ఆ రామెన్ గురించి చెప్పిన మనిషి, మొదటిసారి దాని గురించి ఒక్క మాట కూడా మాట్లాడకుండా తిన్నారు.

ఆదివారం పేపరు వచ్చింది. కంట్రోలర్ గారు వరండాలో నిలబడి, వీధికి వినబడేటట్టు చదివారు. ఆ రాసేవాడు ఎప్పుడో ఒక ఖాళీ మధ్యాహ్నం వచ్చి, ఎవరికీ చెప్పకుండా తిని వెళ్ళాడు. ఊళ్ళో మంచి రామెన్ ఒక్కచోటే ఉందని, ఆ సూపు చేసిన చేతికి నమస్కారమని రాశాడు. ఆ వాక్యాన్ని ఆయన మూడు గొంతులతో మూడుసార్లు చదివారు. చివరి పేరా దగ్గరకి వచ్చేసరికి మాత్రం గొంతు కొంచెం తగ్గింది. 'అన్నిటికంటే నచ్చింది అక్కడి ప్రశాంతత. బయట లైను లేదు, తోపులాట లేదు, ఇంకొకరి కోసం బల్ల ఖాళీ చెయ్యక్కర్లేదు. హాయిగా కూర్చుని తినాలనుకునేవాళ్ళు వెంటనే వెళ్ళండి.'

ఆ మధ్యాహ్నం హాయిగా కూర్చుని తిందామని వచ్చినవాళ్ళ లైను ఇస్త్రీ బండిని దాటి, మలుపు తిరిగి, బస్టాపులో బస్సుకోసం నిలబడ్డవాళ్ళతో కలిసిపోయింది.